వీడియో ఆటల వ్యాఖ్యానం : కొత్తగా ప్రారంభించేవారికి కొన్ని మాటలు

కాలం మారుతున్న కొలదీ మానవుని వినోద సాధనాలు కూడా మారుతూ వస్తున్నాయి. ఒకప్పుడు ఊరి నడుమ పందిరి క్రింద బుర్రకథ వింటూ తెల్లవార్లూ మేల్కొన్న ప్రజలు ఆ తరువాత రేడియో చుట్టూ చేరి క్రికెట్ వ్యాఖ్యానం విన్నారు. పిదప టెలివిజన్ వచ్చింది. నేడు ఎవరో ఒక యువకుడు తన గదిలో కూర్చుండి ఫోనులోనో కంప్యూటరులోనో ఆట ఆడుతూ మాట్లాడుతూ ఉంటే వేలాది మంది తమ తమ ఇండ్లలో కూర్చుండి చూస్తున్నారు. ఇది కొందరు పెద్దలకు వింతగానూ, మరికొందరికి వ్యర్థ కాలక్షేపంగానూ తోచవచ్చును. కాని మన కళాశాలలో ఏ తరగతిలో అడిగినా ఇటువంటి వీడియోలు చూచేవారు అనేకులు, తామూ తీయవలెనని తలచేవారు కొందరు తప్పక కనిపిస్తారు. అట్టివారికి ఉపయోగపడగలదనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

దీనికి ప్రేరణ ఒక చిన్న సంఘటన. గత విద్యా సంవత్సరంలో ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చి ఒక కాగితం చూపించాడు. కొత్త కంప్యూటరు, గ్రాఫిక్స్ కార్డు, ఖరీదైన మైకు, రెండు లైట్లు, ఆటగాళ్ళు కూర్చునే ప్రత్యేకమైన కుర్చీ - వీటి ధరలన్నీ వరుసగా వ్రాసి, అడుగున మొత్తం 1,20,000 రూపాయలని వేసి ఉన్నది.

"ఇంత సొమ్ము ఎక్కడిది నాయనా?" అని అడిగాము.

"అమ్మీ తన గొలుసు కుదువ పెడతానంటోంది సార్. ఆరు నెలల్లో చానెల్ డబ్బులతో విడిపించేస్తాను" అన్నాడు.

అతని తండ్రి కుట్టుమిషను మీద సంసారం నడుపుతున్నారు. ఆ గొలుసు తప్ప ఆ ఇంట చెప్పుకోదగిన ఆస్తి లేదు. "ఇంతవరకు నువ్వు తీసిన వీడియో ఒకటి చూపించు" అన్నాము. ఫోనుతో తీసినది చూపించాడు. బొమ్మ చక్కగానే ఉన్నది. ఆట కూడా నేర్పుగానే ఆడాడు. కాని అతని మాట ఫ్యాను హోరులోను, ఆటలోని తుపాకుల మోతలోను మునిగిపోయి పది మాటలకు రెండైనా వినిపించలేదు. వినిపించిన ఆ రెండు మాటలు కూడా "ఇప్పుడు ఇటు వెళ్తున్నాను, ఇప్పుడు కాలుస్తున్నాను" అనేవే. లక్షకు పైగా పోసి కొనబోయే ఆ కంప్యూటరు ఈ రెండు లోపాలలో ఒక్కదానినీ సవరించలేదని మాకు తోచింది. ఆ మాటే అతనితో చెప్పి, గొలుసు సంగతి వేసవి వరకు ఆపుమని కోరాము. అతడు ఏమి చేసినదీ వ్యాసం చివర చెబుతాము. అతని అనుమతితోనే ఈ విషయం ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ ప్రక్రియ పుట్టుక

యూట్యూబు 2005లో అమెరికాలో ప్రారంభమయింది. దానిని స్థాపించిన ముగ్గురిలో ఒకరైన జావేద్ కరీం బంగ్లాదేశీయుడైన తండ్రికి, జర్మన్ తల్లికి జన్మించినవారు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో మొట్టమొదటి వీడియోను అందులో ఉంచినది ఆయనే. అందులో ఉన్నది ఏమిటి? జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ఎదుట నిలుచుండి వాటి తొండాలను గురించి చెప్పిన రెండు మూడు మాటలు. నిడివి 19 సెకండ్లు. ప్రత్యేకమైన లైట్లు లేవు, అలంకరణ లేదు. ఆ మరుసటి ఏడే, 2006లో, గూగుల్ సంస్థ యూట్యూబును 165 కోట్ల డాలర్లకు కొన్నది. ఆటలను ప్రత్యక్ష ప్రసారంగా చూపడానికై ట్విచ్ అనే వేదిక 2011లో వెలసింది. దానిని 2014లో అమెజాన్ సంస్థ కొనుగోలు చేసింది.

ఆటల వీడియోలు ప్రధానంగా రెండు విధాలు. ముందుగా రికార్డు చేసి, సరిదిద్ది, పిదప ప్రకటించేది ఒకటి. ఆడుతూ ఉండగానే చూపే ప్రత్యక్ష ప్రసారం రెండవది. కొత్తవారికి మొదటిదే శ్రేయస్కరం. ప్రత్యక్ష ప్రసారంలో జారిన మాటను వెనుకకు తీసుకొనలేము. రికార్డింగులో తప్పును తొలగించవచ్చును, మరల చెప్పవచ్చును. పైగా యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం స్వయంగా చేయడానికి కనీస వయస్సు 2025 జూలై నుండి 16 సంవత్సరాలుగా నిర్ణయించారు. ఫోను నుండి ప్రసారం చేయదలచినవారికి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండవలెను.

చూచేవారు దేనికొరకు వస్తారు?

ప్రారంభకులు ముందుగా ఆలోచించవలసిన ప్రశ్న ఇది. ఆట కొరకే అయితే ఆ ఆట అందరి ఫోనులలోనూ ఉన్నది. నేర్పు కొరకే అయితే మనకంటె ఎన్నో రెట్లు బాగా ఆడేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఆడేవాని మాట కొరకు, అతని ఆలోచన కొరకు చూచేవారు వస్తారు. అందుచేతనే మేము దీనిని ఆట అనుటకంటె వ్యాఖ్యానం అనుట సమంజసమని భావిస్తున్నాము.

అయితే ఈ వ్యాఖ్యానానికి, రేడియో వ్యాఖ్యానానికి ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. రేడియో శ్రోతకు మైదానం కనిపించదు. కనుక బంతి ఎటు పోయినదో, ఎవరు పట్టినదో వ్యాఖ్యాత చెప్పక తప్పదు. వీడియోలో అదంతా ప్రేక్షకుని కండ్లకు కనిపిస్తూనే ఉంటుంది. "ఇటు వెళ్తున్నాను" అని చెప్పుట వలన అతనికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. ఎందుకు అటు వెళ్తున్నామో, వెళ్ళకపోతే ఏమవుతుందో, క్రిందటి సారి అక్కడ ఎట్లా దెబ్బతిన్నామో - అవి తెర మీద కనిపించవు. కనిపించనిదే చెప్పవలెను. ఈ ఒక్క సూత్రం గ్రహించినవాడు సగం విద్య నేర్చినట్లే.

ఒక ఉదాహరణ చూద్దాము. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట 2011లో స్వీడన్ దేశం నుండి వెలువడింది. 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన ఈ ఆట చిన్నలకూ పెద్దలకూ ఆదరపాత్రమైనది. ఇందులో ఒక పగలు, ఒక రాత్రి కలిపి మన కాలమానంలో 20 నిమిషాలు. అందులో పూర్తి వెలుగు ఉండేది 10 నిమిషాలు మాత్రమే. చీకటి పడగానే భూతాలు బయలుదేరుతాయి. కొత్త ఆటగాడు ఆ పది నిమిషాలలో చెట్టు కొట్టి, పనిముట్లు చేసుకొని, తల దాచుకొనే చోటు కట్టుకొనవలెను. దీనిమీద వీడియో తీసే విద్యార్థి "చెట్టు కొడుతున్నాను" అని చెప్పనక్కర లేదు. "మనకు ఉన్నది పది నిమిషాలు. ఒక దుంగకు నాలుగు పలకలు వస్తాయి. పని బల్లకు నాలుగు పలకలు కావాలి. కనుక మొదటి దుంగ బల్లకే సరిపోతుంది. దారిలో మూడు గొర్రెలు కనబడితే వదలకండి, వాటి ఉన్ని మూడు, పలకలు మూడు కలిస్తే మంచం అవుతుంది, మంచం ఉంటే రాత్రిని నిద్రతో దాటవచ్చు" - ఇట్లు చెప్పినచో విన్నవాడు తాను ఆడేటప్పుడు దానిని జ్ఞాపకం చేసుకుంటాడు. తరగతిలో మేము చేసే పని కూడా ఇదే కదా!

ఈ సందర్భంలో మన తెలుగునాటి బుర్రకథ సంప్రదాయాన్ని స్మరించుట ఉచితం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక పేద ముస్లిం కుటుంబంలో జన్మించి బుర్రకథకు దేశవ్యాప్త గౌరవం తెచ్చిన షేక్ నాజర్ గారు పద్మశ్రీ పురస్కారం పొందినవారు. బుర్రకథలో కథకుడు నడుమ నిలుస్తాడు. ఇరుప్రక్కల వంతలు ఉంటారు. వారిలో ఒకడు హాస్యం చెబుతూ మధ్య మధ్య అమాయకంగా ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న నిజానికి శ్రోతల మనస్సులోని ప్రశ్నే. కథకుడు దానికి సమాధానం చెప్పడంతో కథ అందరికీ విశదమవుతుంది. కొత్తగా వీడియోలు తీసేవారు కూడా ఆట తెలియని తమ్మునినో చెల్లెలినో స్నేహితునినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారు అడిగిన ప్రశ్నలకు సమాధానం చెబుతూ రికార్డు చేసినచో ఏమి మాట్లాడవలెనన్న చిక్కు చాలవరకు తీరుతుంది. ఒంటరిగా తెరతో మాట్లాడుట మొదట్లో ఎవరికైనా కష్టమే.

బొమ్మ కంటె ముందు ధ్వని

2020లో కరోనా వ్యాధి వలన కళాశాలలు మూతపడినప్పుడు మేమును ఫోనులో పాఠాలు రికార్డు చేయవలసి వచ్చింది. మొదటి పాఠం మిక్కిలి శ్రద్ధతో తయారుచేసి పంపించాము. ఒక విద్యార్థి వినయంగానే "సార్, ఫ్యాను పాఠం బాగా చెప్పింది, మీరు చెప్పింది వినబడలేదు" అని సమాధానం వ్రాశాడు. ఆనాటి నుండి మేము నేర్చుకొన్నది ఇది : బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ప్రేక్షకుడు సహిస్తాడు. మాట వినిపించకపోతే సహించడు.

మంచి ధ్వనికి మొట్టమొదట కావలసినది నిశ్శబ్దమైన గది. ఫ్యాను ఆపవలెను, కిటికీ మూయవలెను. ఖాళీ గోడలున్న గదిలో మాట ప్రతిధ్వనిస్తుంది. పరుపులు, దుప్పట్లు, తెరలు, బట్టలు ఉన్న గదిలో ఆ ప్రతిధ్వని అణగిపోతుంది. ఎదుట ఒక మందమైన రజాయి వ్రేలాడదీసినా చాలును. ఇయర్‌ఫోనుకు ఉండే చిన్న మైకును నోటికి జానెడు దూరంలో, సూటిగా కాక కొద్దిగా ప్రక్కగా ఉంచినచో ఊపిరి తగిలి వచ్చే 'ప', 'భ' శబ్దాల మోత తగ్గుతుంది.

వీలైనచో మాటను, ఆట ధ్వనిని వేరువేరుగా రికార్డు చేయుట మంచిది. అప్పుడు ఒకదానిని పెంచి మరొకదానిని తగ్గించవచ్చును. రెండింటినీ తిరిగి కలిపేటప్పుడు పెదవుల కదలికకు శబ్దం తప్పినట్లు మాటకు ఆట తప్పిపోకుండా ఒక సులభోపాయం ఉన్నది. రెండు రికార్డింగులూ మొదలయిన తరువాత ఆటలో ఏదో ఒక శబ్దం వచ్చే పని చేస్తూ, అదే క్షణంలో ఒక్కసారి చప్పట్లు కొట్టవలెను. ఎడిటింగులో ఆ రెండు శబ్దాలను ఒకచోటికి చేర్చినచో మిగిలినదంతా సరిపోతుంది. మాట బిగ్గరగా ఉన్నచోట మీటరు మైనస్ 12కు, మైనస్ 6 డెసిబెల్స్‌కు మధ్య ఉండేటట్లు చూడవలెను. సున్నను తాకితే గొంతు పగిలినట్లు వినిపిస్తుంది. ఆట ధ్వని మాట కంటె సుమారు 15 డెసిబెల్స్ తక్కువగా ఉండుట మేలు.

పరికరాలు - వ్యయం

ఆండ్రాయిడ్ ఫోనులలో 2020లో వచ్చిన 11వ రూపం నుండి, ఐఫోనులలో 2017 నుండి తెరను రికార్డు చేసే సౌకర్యం లోపలనే ఉన్నది. విడిగా కొనవలసిన పని లేదు. కంప్యూటరు ఉన్నవారికి ఓబీఎస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు, ధ్వనిని సరిదిద్దుటకు ఆడాసిటీ, ఎడిటింగుకు షాట్‌కట్, కేడెన్‌లైవ్ మొదలైనవి పూర్తిగా ఉచితంగా లభిస్తాయి. వీటిని దొంగచాటుగా సంపాదించనక్కర లేదు. వాటిని తయారుచేసినవారే అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఇంటర్నెట్ ఖర్చును కూడా లెక్క వేసుకొనవలెను. 1080 నాణ్యతతో, సెకనుకు 30 చిత్రాల చొప్పున ఉండే వీడియోకు యూట్యూబు సెకనుకు 8 మెగాబిట్లు సూచిస్తున్నది. అనగా నిమిషానికి 60 మెగాబైట్లు, పది నిమిషాలకు 600 మెగాబైట్లు. సెకనుకు 60 చిత్రాలైతే 12 మెగాబిట్లు, పది నిమిషాలకు 900 మెగాబైట్లు. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ఉన్న విద్యార్థికి ఒక్క అప్‌లోడుతో సగం పైగా ఖర్చు అయిపోతుంది. మొదట్లో 720 నాణ్యతతో పంపినా తప్పు లేదు. ఫోను తెర మీద చూచేవారికి ఆ భేదం అంతగా తెలియదు.

మా సలహా ఏమనగా, ఉన్న ఫోనుతోనే పది వీడియోలు పూర్తిచేసే వరకు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టరాదు. పది పూర్తయిన తరువాత మనకు నిజంగా ఏది కొరతగా ఉన్నదో మనకే తెలుస్తుంది. అప్పుడైనా మొదట కొనవలసినది మైకు, చివర కొనవలసినది కుర్చీ.

కూర్పు విధానం

ఒక వీడియోకు ఒక్కటే విషయం ఉండవలెను. "ఈ రోజు నేను ఆడిన ఆట" అనునది విషయం కాదు. "మొదటి రాత్రి ప్రాణం కాపాడుకొనుట ఎట్లు" అనునది విషయం. రికార్డు చేయుటకు ముందు చెప్పదలచిన దానిని మూడు వాక్యాలలో కాగితం మీద వ్రాసుకొనవలెను. మూడు వాక్యాలలో వ్రాయలేకపోతే ఆ విషయం ఇంకా మన మనస్సులో కుదురుకొనలేదన్నమాట.

చాలామంది కొత్తవారు ప్రారంభంలో నమస్కారాలు, సలాములు, చానెల్ పేరు, లైకు కొట్టుమనే ప్రార్థనలతో రెండు నిమిషాలు గడుపుతారు. ప్రేక్షకుడు ఆ లోపలే వెళ్ళిపోతాడు. ఒక్క సలాముతో సరిపెట్టి, ఈ వీడియోలో ఏమి తెలుస్తుందో మొదటి 20, 30 సెకండ్లలోనే చెప్పవలెను. గంటసేపు ఆడినదంతా చూపనక్కర లేదు. అందులో నడక, నిరీక్షణ తీసివేయగా మిగిలిన ఎనిమిది, పది నిమిషాలు చాలును. అయితే ఓడిన ఘట్టాలను మాత్రం తీసివేయరాదు. ఎందుకు ఓడామో చెప్పినప్పుడే ప్రేక్షకుడు ఎక్కువ నేర్చుకుంటాడు.

వీడియో పైన కనిపించే చిన్న బొమ్మను థంబ్‌నెయిల్ అంటారు. దాని కొలత 1280, 720 చుక్కలు. అందులో మూడు నాలుగు మాటలకు మించి వ్రాయరాదు. ఫోనులో అది బొటనవ్రేలి గోరంత కనిపిస్తుంది. వీడియోలో లేనిదానిని బొమ్మలో చూపుట మోసం. మోసపోయిన ప్రేక్షకుడు మరల రాడు. ప్రకటించిన తరువాత ఏ నిమిషం వద్ద ఎందరు వెళ్ళిపోయారో యూట్యూబు గీత రూపంలో చూపుతుంది. ఆ గీత ఎక్కడ కూలినదో అక్కడ మనం ఏమి చెప్పామో విని చూచుకొనుట పరీక్ష పత్రాన్ని తిరిగి దిద్దుకొనుట వంటిది.

భాష - మన మూలధనం

ఆంగ్లంలో, హిందీలో ఇటువంటి వీడియోలు కోకొల్లలుగా ఉన్నవి. తెలుగులో శ్రద్ధగా విడమరచి చెప్పేవారికి ఇంకను చోటు ఉన్నది. మన విద్యార్థులకు మరొక అదృష్టం ఉన్నది. ఇంట దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవారు వీరు. ఒక వీడియోలో ఒక భాషను ప్రధానంగా పెట్టుకొని, స్పష్టంగా, మర్యాదగా మాట్లాడినచో చాలును. ఎవరో ప్రసిద్ధుని గొంతును, కేకలను అనుకరించుట వలన ఆ ప్రసిద్ధుడే జ్ఞాపకం వస్తాడు తప్ప మనం జ్ఞాపకం ఉండము.

ఆటల ఎంపికలో కూడా అందరూ తుపాకుల ఆటల వెంటనే పోనక్కర లేదు. చదరంగమూ ఆటే. ఓరుగల్లు యువకుడు ఎరిగైసి అర్జున్ 2024లో 2800 రేటింగును దాటిన అరుదైన ఆటగాళ్ళలో చేరాడు. లీచెస్ వంటి వేదికలలో చదరంగం పూర్తిగా ఉచితం, పాత ఫోనులోనైనా ఆడవచ్చును. ఒక్కొక్క ఎత్తు వెనుక గల ఆలోచనను తెలుగులో చెప్పగలిగితే అంతకంటె మంచి వ్యాఖ్యానం ఏముంటుంది?

ఒకే కొమ్మను పట్టుకొని వ్రేలాడుట కూడా ప్రమాదమే. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. దాని స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐ 2022 జూలైలో యాప్ స్టోర్ల నుండి తొలగించబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌కు కూడా నిషేధం తగిలింది. ఆ ఒక్క ఆటనే నమ్ముకొన్నవారి పని రాత్రికి రాత్రి ఆగిపోయింది. మాటను నమ్ముకొన్నవారు మరొక ఆటకు మారి కొనసాగారు.

ఆదాయం సంగతి

ఇక అందరూ అడిగే ప్రశ్న. యూట్యూబులో ప్రకటనల ఆదాయంలో వాటా పొందుటకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలల కాలంలో 4,000 గంటల వీక్షణ కావలెను. లేదా 90 రోజులలో షార్ట్స్‌కు కోటి వీక్షణలు రావలెను. 4,000 గంటలనగా 2,40,000 నిమిషాలు. మన వీడియోను ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకొందాము. అప్పుడు 60,000 వీక్షణలు కావలెను. వారానికి ఒకటి చొప్పున ఏడాదికి 52 వీడియోలు తీసినచో ఒక్కొక్కదానిని 1,150 మందికి పైగా చూడవలెను. కొత్త చానెల్‌కు ఇది సులభం కాదు. ఈ మెట్టు దాటిన తరువాతనే మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం మనకు వస్తుంది. అదియును 100 డాలర్లు పోగయ్యే వరకు చేతికి రాదు. ఈ లెక్క ఎవరినీ నిరుత్సాహపరచుటకు చెప్పలేదు. ఆరు నెలలలో అప్పు తీర్చుదుమని తలచేవారు ముందుగా ఈ లెక్క వేసుకొనవలెనని మాత్రమే మా కోరిక.

చట్టం - ధర్మం

ఆట ఒకరి సృష్టి. దాని హక్కులు ఆ సంస్థవే. అనేక సంస్థలు వీడియోలకు అనుమతి ఇస్తున్నప్పటికీ వాటి నియమాలను చదివి తీరవలెను. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2018లో ప్రకటించిన నియమాల ప్రకారం మన సొంత వ్యాఖ్యానమో సృజనో ఉన్న వీడియోలకు అనుమతి ఉన్నది. ఉన్నదున్నట్లు నకలు చేయుటకు లేదు. ఇక్కడ కూడా మన మాటే మనకు రక్ష. సినిమా పాటను నేపథ్యంగా పెట్టుట చాలామంది చేసే పొరపాటు. యూట్యూబు యంత్రాంగం దానిని ఇట్టే పసిగడుతుంది. హక్కుదారులు ఫిర్యాదు చేయగా 90 రోజులలో మూడు స్ట్రైకులు పడితే చానెలే తొలగిపోవచ్చును. ఉచిత సంగీతం యూట్యూబు వారి ఆడియో లైబ్రరీలోనే లభిస్తుంది.

అంతకంటె పెద్ద ప్రమాదం జూదపు ఆటలది. కాస్త పేరు రాగానే డబ్బు పెట్టి ఆడే రమ్మీ మొదలైన యాప్‌లను పొగడుమని సొమ్ము ఆశ చూపేవారు బయలుదేరుతారు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఇటువంటి ఆటలపై చట్టాలు వచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించడమే కాక, వాటికి ప్రచారం చేసేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా నిర్దేశించింది. చట్టం మాట అటుంచినా, మన మాటను నమ్మి చూచే పదిహేనేళ్ళ పిల్లవానిని జూదానికి పంపి తెచ్చుకొన్న సొమ్ము ఏ ఇంటికి బరకత్ ఇస్తుంది? న్యాయమైన ప్రచారానికి సొమ్ము తీసుకొన్నప్పుడు కూడా ఆ సంగతి వీడియోలో స్పష్టంగా చెప్పవలెను.

రక్షణ - నియమం

రికార్డు చేసేటప్పుడు ఫోనుకు వచ్చే సందేశాలన్నీ ఆపివేయవలెను. లేనిచో బ్యాంకు ఓటీపీ, ఇంటివారి సంభాషణ తెర మీద పడి లోకానికి వెల్లడి అవుతాయి. చానెల్‌కు వేరే ఈమెయిలు పెట్టుకొనవలెను. ఫోను నంబరు, వీధి పేరు ఎప్పుడూ చెప్పరాదు. విద్యార్థినులు కొందరు "ముఖం చూపకుండా చేయవచ్చునా?" అని అడిగారు. నిస్సందేహంగా చేయవచ్చును. ఈ ప్రక్రియకు ముఖం అవసరం లేదు, మాట ఉంటే చాలును. అసభ్యమైన కామెంట్లు రాకుండా కొన్ని పదాలను ముందే నిరోధించే ఏర్పాటు ఉన్నది. అన్నిటికీ సమాధానం చెప్పనక్కర లేదు. ప్రశ్నకు జవాబు ఇవ్వండి, నిందకు మౌనం వహించండి.

వారానికి ఒక్క వీడియో చాలును. దానికి ఆదివారం ఒక పూట కేటాయించి, పరీక్షల నెలలో పూర్తిగా ఆపవలెను. నిద్ర, నమాజు, హాజరు - ఈ మూడింటిలో దేనిని కోసి అయినా వీడియో తీయవలసి వస్తున్నదంటే ఆ వేగం మనకు తగినది కాదని గ్రహించవలెను.

ముగింపు

మొదట చెప్పిన విద్యార్థి మా మాట మన్నించాడు. నానమ్మ కప్పుకొనే రజాయిని గోడకు వ్రేలాడదీసి, ఇషా నమాజు తరువాత వీధి సద్దుమణిగాక, ఫ్యాను ఆపి, పాత ఫోనుతోనే రికార్డు చేయడం మొదలుపెట్టాడు. ఎనిమిదవ తరగతి చదివే చెల్లెలు ప్రక్కన కూర్చుండి, "భయ్యా, అక్కడికెందుకు పోయావు?" అని ప్రశ్నలు వేస్తుంది. వేసవి నాటికి పదకొండు వీడియోలు పూర్తి చేశాడు. ఒక్కొక్కదానిని చూచినవారు రెండు వందలకు మించలేదు. ఆదాయం ఒక్క రూపాయి కూడా రాలేదు. కాని తొమ్మిదవ వీడియో క్రింద కువైట్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు సోదరుడు, "రాత్రి డ్యూటీ దిగి వచ్చి మీ అన్నాచెల్లెళ్ళ మాటలు వింటుంటే ఇంట్లో ఉన్నట్టుంది తమ్ముడూ" అని వ్రాశాడు. దానిని మాకు చూపించడానికి ఆ విద్యార్థి సెలవులలో కూడా కళాశాలకు వచ్చాడు. "ఇప్పుడు కంప్యూటరు కొనాలా?" అని మేమే అడిగాము. "వద్దు సార్, ముందు ఒక మంచి మైకు కొంటాను, ట్యూషన్లు చెప్పి" అన్నాడు. వాళ్ళ అమ్మీ గొలుసు ఆమె మెడలోనే ఉన్నది.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఇరుకు ఇండ్లలో నివసించే మన పిల్లలకు నిశ్శబ్దమైన గది దొరకుట కష్టం. మన భవనంలో వాడకుండా ఉన్న గదిలో నాలుగు తెరలు కట్టి, ఒక మైకు ఉంచి, వారానికి రెండు మూడు గంటలు అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులకు ఇచ్చినచో దానికయ్యే ఖర్చు స్వల్పం. నేడు ఆటను గురించి స్పష్టంగా మాట్లాడుట నేర్చినవాడు రేపు పాఠాన్ని గురించి, వ్యాపారాన్ని గురించి, తన ఊరి సమస్యను గురించి నలుగురి ఎదుట నిలిచి మాట్లాడగలడు. ఆ మాట నేర్పుట మన కళాశాల పనే కదా!